వంక వెంబడి

సుంకన్నకు గురువులు నిలిచేవారు కాదు.

కొందరికి పనిమనుషులు నిలవరు, కొందరికి పాడి నిలవదు. ఈయనకు గురువులు. ఐదేళ్ళలో పదకొండు మందిని మార్చాడు. తప్పంతా వాళ్ళదేనని ఆయన నమ్మకం. ఎవరి తప్పు ఏమిటో, అది ఏ రోజు బయటపడిందో కూడా చెప్పగలడు. ఒక స్వామి లోకమంతా మాయ అని చెబుతూనే పప్పులో నెయ్యి తక్కువైందని వంటవాణ్ణి తిట్టాడు. ఇంకొకాయన మౌనవ్రతం పట్టి, పలక మీద రాసి రాసి ఊళ్ళో కబుర్లన్నీ అడిగాడు. కొండ కింద ఫకీరు ఒకాయన నిజంగా మంచివాడే, కానీ టీలో మూడు చెంచాల చక్కెర వేసుకుంటాడు. "నాలుకను కట్టుకోలేనివాడు నా మనసునేం కట్టేస్తాడు?" అని సుంకన్న లేచి వచ్చేశాడు.

కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం అని మనం నవ్వుకోవచ్చు. కానీ పాపం, ఆయన చేసిన ఉద్యోగం అలాంటిది. ముప్పై నాలుగేళ్ళు సర్వేయరు. గొలుసు పట్టి నేల కొలవడం, గీత జానెడు పక్కకు జరిగితే పట్టుకోవడం, అదే బతుకు. ఆయన గీసిన గీతకు వంక పెట్టినవాడు లేడు. ఆయన వంక పెట్టని మనిషీ లేడు.

రాయలసీమలో చిన్న ఏటిని వంక అంటారు. తప్పు పట్టడాన్నీ వంక పెట్టడమనే అంటారు. అందుకే ఆయన భార్య పుల్లమ్మ, "నీ వంకలన్నీ ఒకచోట కలిపితే ఏరు పారుతుంది లేవయ్యా, ఊరంతా వరి పండించుకోవచ్చు" అని నవ్వేది. నవ్వుతూనే ముప్పై ఏళ్ళు ఆయనతో వేగింది.

ఆయన రిటైరైన మూడో నెలలో ఒక మధ్యాహ్నం పుల్లమ్మ మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. ఒక్క గుటక మింగి, "ఉప్పెక్కువైంది" అన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. గంట తిరగకుండా గుండె ఆగిపోయింది. ఆమెతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

గురువుల కోసం తిరగడం అప్పుడు మొదలైంది. ఏ వంకా లేని మనిషి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు దొరికితే, కాళ్ళ దగ్గర కూర్చుని ఈ సంగతి చెప్పుకోవాలని ఆయన కోరిక. ఐదేళ్ళుగా ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. చెప్పుకోదగ్గ మనిషి దొరకలేదు.

పన్నెండో మనిషి గిడ్డమ్మవ్వ.

రోడ్డు పక్కన బండలు పేర్చి కట్టుకున్న కొట్టం ఆమెది. డెబ్భై ఎనిమిదేళ్ళు. సాయంత్రాలు నలుగురూ వచ్చి కూర్చుంటే రెండు తత్వాలు పాడుతుంది, ఉన్నది పెడుతుంది. "నేను గురువేంది నాయనా, గొర్రెలు కాసినదాన్ని" అంటుంది. వచ్చినవాళ్ళు మాత్రం బాధలు చెప్పుకుని, తేలికపడి వెళతారు.

సుంకన్న మొదటిరోజు తన పేరు చెప్పగానే ఆమె చేతిలోని విసనకర్ర ఆగింది.

"యే సుంకన్న? సర్వేయరు సుంకన్నా?"

"అవునవ్వా. ఇప్పుడు రిటైరయినా."

ఆమె ఆయన ముఖం వంక చాలాసేపు చూసింది. తర్వాత, "కూచో నాయనా. ఎండన పడి వచ్చినావు" అని పక్కకు జరిగింది.

ఎనిమిది నెలలు ఆమె దగ్గరే గడిచాయి. సుంకన్న అలవాటు కొద్దీ వెతికాడు. మాటలో వెతికాడు, నడతలో వెతికాడు, ఆమె మేకలను అదిలించే తీరులో కూడా వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరకనికొద్దీ సంతోషం, వెంటే భయం. వచ్చే అమావాస్యకు పుల్లమ్మ సంగతి ఆమెతో చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు.

ఇంతలో ఆ సోమవారం వచ్చింది.

సోమవారాలు అవ్వ ఒక్కపొద్దు ఉంటుంది. దీపం పెట్టాకే భోజనం, మధ్యలో ఏదీ ముట్టదు. ఆమెను చూసి సుంకన్నా పట్టాడు. ఆ రోజు పదకొండు గంటల వేళ మేకకు నీళ్ళు పెడదామని కొట్టం వెనక్కి వెళ్ళాడు. అవ్వ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో బొరుగులు పోసుకుని తింటోంది. నములుతూ కళ్ళు మూసుకుంది, అంత రుచిగా ఉన్నాయి కాబోలు.

సుంకన్న బకెట్టు అక్కడే పెట్టి వచ్చేశాడు. ఆ పూట దీపం పెట్టాక కూడా ఆయనకు ముద్ద దిగలేదు.

ఆరు రోజులు లోలోపల కుమిలి, ఆదివారం పొద్దున అడిగేశాడు.

"అవ్వా, పోయిన సోమవారం ఒక్కపొద్దు కదా?"

"అవును."

"బొరుగులు తిన్నావు."

అవ్వ కొంచెం ఆలోచించింది. "అవును, తింటి. పచ్చిమిరపకాయ గూడా నంజుకుంటి."

ఆమె కాదంటుందనుకున్నాడు, లేదా ఏ మాత్రకో పరగడుపు పనికిరాదని సర్దిచెబుతుందనుకున్నాడు. అదే జరిగితే ఇంకో వంక దొరికి కోపమైనా వచ్చేది. ఇప్పుడు ఏడుపొస్తోంది.

"ఎందుకు తిన్నావవ్వా?"

"బుగ్గ కాడ చెప్తా."

"ఏ బుగ్గ?"

"పాములవంక పైన ఊట ఉండాది. ఆ నీళ్ళు తాగి నాకూ శానా దినాలాయ. రేపు పొద్దున్నే పోదాం పా. సాయంత్రానికి తిరిగొస్తాం. నీ బస్సు ఆరింటికి కదా."

బస్సు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. సంచి మాత్రం రాత్రే కట్టి పెట్టుకున్నాడు.

పాములవంక అనే పేరు ఎక్కడో విన్నట్టు అనిపించింది. కానీ పాములవంకలు తాలూకాకు ఒకటి ఉంటాయి. పట్టించుకోలేదు.

మర్నాడు తెల్లవారుతూనే బయలుదేరారు. అవ్వ చేతిలో కర్ర, ఇంకో చేతిలో పాత ఇత్తడి చెంబు. కొంగు చివర ఏదో మూట. సుంకన్న చేతిలో ఏమీ లేదు, ఒక్కపొద్దు కదా. వదిలిపోయే చోటయినా పట్టిన నియమం తప్పడం ఆయనకు ఇష్టం లేదు.

రోడ్డు దాటి అరగంట నడిచాక నేల రెండుగా చీలింది. రెండు పక్కలా ఎర్రబండ నిలువునా లేచింది, రొట్టెలు పేర్చినట్టు పొరలు పొరలుగా. మధ్యలో తెల్లని ఇసుక. అదే వంక. చుక్క నీరు లేదు. ఒక తొండ తల ఎత్తి చూసి, వీళ్ళతో పనేముందన్నట్టు రాతి కిందికి దూరింది.

మొదటి మలుపు దగ్గర సుంకన్న ఆగాడు. వంక అక్కడ ఎడమకు తిరిగి, పెద్ద చుట్టు చుట్టి, మళ్ళీ ఎదురుగానే వచ్చి కలుస్తోంది. మధ్యలో ఉన్నది తక్కువ ఎత్తు గట్టు. సర్వేయరు కన్ను ఊరుకుంటుందా?

"అవ్వా, ఈ చుట్టంతా ఎందుకు? గట్టెక్కి దిగితే నూరడుగులు. వంక వెంబడి అయితే అర మైలు."

"నువ్వు అట్ల రా నాయనా. నేను ఇట్లే వస్తా."

ఆయన బండ ఎక్కి, దిగి, అవతల ఇసుకలో నిలబడ్డాడు. ఇక్కడా ఇసుకే. చాలాసేపటికి అవ్వ వచ్చింది. ఆమె చీర అంచు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

సుంకన్న అంచు చూశాడు, ఇసుక చూశాడు. "నీళ్ళెక్కడివవ్వా?"

"మలుపులో."

"ఇక్కడ లేవే."

"ఈడ లేవు" అని ఒప్పుకుని ముందుకు నడిచింది.

రెండో మలుపు. సుంకన్న మళ్ళీ గట్టెక్కాడు. ఈసారి దిగుతూ వెనక్కి రెండుసార్లు చూశాడు. చుట్టూ తిరిగి వచ్చిన అవ్వ ఒడినిండా ఈతపళ్ళు తెచ్చింది. వాటి మీద నీలం రంగు ఈక ఒకటి.

"లకుముకి పిట్టది. మడుగు మింద కూచోని చేపల్ని పడతాంది. నన్ను చూసి కోపమొచ్చ దానికి" అని నవ్వి, "తిను" అని ఒడి చాపింది.

"ఒక్కపొద్దవ్వా."

"అవును కదా" అని అవ్వ ఒక పండు నోట్లో వేసుకుంది.

సుంకన్న ముఖం తిప్పుకున్నాడు. అయినా ఆ ఈకను మాత్రం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆయనకే తెలియదు. చేప కావాలంటే మడుగు కావాలి, మడుగు ఉండాలంటే నీరు కావాలి. అటు నూరడుగుల్లో నీరు, ఇటు నూరడుగుల్లో బూడిద లాంటి ఇసుక. ఇదేం వంక? ఒకసారి పోయి చూస్తే పోయేదేముంది అనిపించింది. కానీ అన్ని చుట్లు తిరిగితే బస్సు దొరకదు.

మూడో గట్టు మీద ఆయన కాలికి ఒక గుర్తు తగిలింది. బండ మీద ఉలితో చెక్కిన బాణం, పక్కన మూడో అంకె. గాట్లలో ఇంకా సున్నం తెలుపు ఉంది. ఆయన వంగి చేత్తో దుమ్ము తుడిచాడు. ముఖం వెలిగిపోయింది.

అవ్వ చుట్టు తిరిగి రాగానే చెయ్యి పట్టుకుని గట్టెక్కించాడు. "చూడవ్వా! ఇది నా గుర్తు. నేనే చెక్కించినా. ఎన్నేళ్ళ నాటిదో! కొండ మొదలు నుంచి తీగ లాగినట్టు తిన్నగా వేసిన గీత ఇది. ఒక్క జానెడు తప్పదు."

అవ్వ కూర్చుని ఆ బాణాన్ని వేలితో మెల్లగా తడిమింది. "చక్కగుండాది" అంది. "ఏం పని మింద వచ్చింటివి?"

"గుర్తు లేదవ్వా. ఏదో పల్లె కాగితం. అట్లాంటివి ఎన్ని చేసింటాను!"

అవ్వ కాలు చాపి చూపించింది. బొటనవేలు ఎర్రగా కందింది.

"ఏమైంది?"

"మడుగులో ఎండ్రకాయ. కాలు పెడ్తే పట్టుకున్య. నాదే తప్పులే, దాని ఇంట్లో నేను కాలు పెడ్తి" అని లేచి, తనలో తనే నవ్వుకుంటూ దిగిపోయింది.

నాలుగో చోట సుంకన్న గట్టెక్కుతూ సగంలో ఆగిపోయాడు. నోరు ఎండిపోయింది. అయినా దాహం కన్నా ఇంకోటి ఎక్కువగా పీకుతోంది. కింద ఇసుక, కనిపించినంత దూరం ఇసుక. అవతలి మలుపులో బండ ఏట్లోకి పొడుచుకొచ్చింది. ఆయన కొలిచే మనిషి, ఊరికే చూడలేడు. వంక తిన్నగా పోయినచోట ఇసుక లోతుగా ఉంది, నీరు దాని అడుక్కి దిగిపోతుంది. మెలిక తిరిగినచోట కింద బండ అడ్డం తగిలి నీరు పైకి తేలుతుంది. నీరుండేది మెలికల్లోనే.

మరి తన గీత? అది తిన్ననిది. ఆ గీత వంకను దాటిన ప్రతిచోటా వంక కూడా తిన్నగానే ఉంది.

గబగబా దిగి ఐదో గట్టు వైపు నడిచాడు.

ఐదో గట్టు మీద బాణం ఉంది, ఐదో అంకె ఉంది. దాని తర్వాత ఇంకేమీ లేదు. గీత అక్కడితో ఆగిపోయింది. ఆరో మలుపు ఎదురుగా ఉంది.

అవ్వ మెల్లగా వచ్చి పక్కన నిలబడింది.

"ఈడ నుంచే వెనక్కి పోయింటివి" అంది.

ఆ మాటతో అంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. నడి వేసవి. పైన రోడ్డు మీద జీపు. ఇద్దరు గొలుసు మనుషులు, తన చేతిలో గొడుగు. వంక మొదట్లో పన్నెండు ఇళ్ళ పల్లె, బుగ్గకొట్టాల. దాన్ని అక్కడే ఉంచి దారి వేయాలా, నీళ్ళు లేవని రోడ్డు పక్కకు దించాలా అన్నది తేల్చే కాగితం. పల్లె నుంచి ఒక ముసలాయన ఎదురొచ్చి, "వంక వెంబడి రాండి సారూ, బుగ్గ చూపిస్తాం" అన్నాడు. దానికి తను, "వంకలు తిరగడానికి నాకు తీరిక లేదు పెద్దాయనా" అన్నాడు. ఆ మాటకు తనకే నవ్వొచ్చింది. తిరుగు దారిలో జీపు డ్రైవరుకు కూడా చెప్పి నవ్వించాడు. ఐదుసార్లు దాటినా తడి లేదు, ఆరోసారి ఉంటుందా అనుకున్నాడు. జీపులోనే రాశాడు: వంకను ఐదు చోట్ల దాటితిని. ఎక్కడా నీరు లేదు.

"అవ్వా, ఆ పల్లె..."

అవ్వ అక్కడ లేదు. మలుపు తిరిగి వెళ్ళిపోతోంది. కర్ర చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

గట్టెక్కితే నూరడుగులు. సుంకన్న గట్టెక్కలేదు. మొదటిసారి వంక వెంబడి నడిచాడు.

ముందు చల్లగాలి తగిలింది. తర్వాత తడిమట్టి వాసన. కాళ్ళ కింది ఇసుక గట్టిపడి, ముదురు రంగు తిరిగి, అరికాళ్ళకు తడి అంటింది. బండ నెత్తి మీదికి వంగి నీడ పట్టిన చోట, దాని మొదట్లోంచి నీరు బుడబుడమని పైకి వస్తోంది. ఎక్కడి నుంచో తరుముకొచ్చినట్టు కాదు, తీరిగ్గా, ఎవరున్నా లేకున్నా వస్తున్నట్టు. ముందర చెరువంత కాదు గానీ పది ఎద్దులు ఒకేసారి తాగగలిగినంత మడుగు. అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి.

మడుగు పైన గట్టు మీద గోడలు. కప్పులు లేవు. వాకిళ్ళలో తంగేడు మొలిచింది. ఒక రోలు ఆకులతో నిండి ఉంది.

అవ్వ మలుపు తిరిగిన చోటే ఒక రాయి పక్కన నిలబడి ఉంది. చెంబు నీళ్ళతో నిండి ఉంది.

"ఆ పొద్దు గూడా ఈడనే నిలబడింటి" అంది. "సారు ఎండన పడి వస్తాండాడని చెంబు తోమి, నీళ్ళు ముంచుకోని. మావాళ్ళంతా ఆ గట్టు మింద కూచున్నారు. మీ గొలుసు సప్పుడు దగ్గరికొచ్చ. ఇంగ ఈ మలుపు తిరుగుతారనుకుంటిమి. సప్పుడు ఆగిపాయ."

"నేను అబద్ధం రాయలేదవ్వా. ఐదు చోట్లా నీళ్ళు లేవు."

"లేదు నాయనా. నువ్వు అబద్ధం రాయలే."

చెంప మీద కొట్టినా ఆయన ఓర్చుకునేవాడు. ఆ మాటను మాత్రం ఓర్చుకోలేకపోయాడు. తడి ఇసుకలో కూలబడ్డాడు.

"నేనెవరో నీకు మొదటిరోజే తెలుసు."

"కాగితం చదివి ఇనిపించినారు కదా. కింద నీ పేరుండె."

"ఎనిమిది నెలలు నీ చేతి తిండి తిన్నాను. ఒక్క మాట అనలేదు నన్ను."

అవ్వ దగ్గరికొచ్చి చెంబు చాపింది.

"ఆ పొద్దు నీకని ముంచిన నీళ్ళు. ఎండన పడి వచ్చినావు. తాగు."

సుంకన్న రెండు చేతులా చెంబు పట్టుకుని ఎత్తాడు. చల్లని నీళ్ళు. కాస్త ఉప్పగా ఉన్నాయి, కొండలోని ఏ రాళ్ళను తడుపుకుంటూ వచ్చాయో. నాలుకకు ఆ ఉప్పు తగిలింది.

అవ్వ చూస్తోంది. "ఎట్లుండాయి?"

ముప్పై నాలుగేళ్ళ అలవాటు నాలుక చివరికి వచ్చి నిలబడింది. దాని వెనకే మజ్జిగ గ్లాసు, మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళిన వీపు.

"ఇంకో చెంబు ఇయ్యవ్వా" అన్నాడు.

ఆమె ముంచి ఇచ్చింది. అదీ తాగాడు. తాగుతూ తాగుతూనే ఏడ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి, మీసాల మీద నీళ్ళేవో కన్నీళ్ళేవో తెలియకుండా. అప్పుడు పుల్లమ్మ సంగతి చెప్పాడు. మజ్జిగ గురించి, ఉప్పు గురించి, ఆఖరి మాట గురించి. ఏ వంకా లేని మనిషి కోసం ఐదేళ్ళు దాచుకున్న సంగతి, ఒక్కపొద్దు తప్పి బొరుగులు తిన్న మనిషికి చెప్పాడు.

అవ్వ మడుగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని అంతా విన్నది. ఊరడించలేదు, తప్పు పట్టలేదు. అయిపోయాక, "మంచి పేరు, పుల్లమ్మ" అని మాత్రం అంది.

లకుముకి పిట్ట ఒకటి వచ్చి, రోలు మీద వాలి, వీళ్ళను చూసి కోపంగా అరిచి పోయింది. సుంకన్న జేబులోంచి ఈక తీసి, దాన్నీ పిట్టనూ మార్చి మార్చి చూశాడు.

"అవ్వా, బుగ్గ కాడ చెప్తానంటివి."

"ఏంది?"

"ఆ సోమవారం బొరుగులు ఎందుకు తింటివి?"

"ఆకలేసె."

"అంతేనా?"

"అంతే. ఇంకేముంటాది?"

సుంకన్న ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నిజంగానే ఆశ్చర్యపోతోంది, ఇందులో అడగడానికేముందని. ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఎన్నాళ్ళయిందో, అది నవ్వని పోల్చుకోవడానికి ఆయనకే కొంచెం సేపు పట్టింది.

అవ్వ కొంగు మూట విప్పింది. బొరుగులు. మధ్యలో రెండు పచ్చిమిరపకాయలు. సగం తన ఒళ్ళో పోసుకుని, సగం ఆయన ముందు చాపింది. సోమవారం. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

సుంకన్న దోసిలి పట్టాడు.

తిన్నాక పల్లె గోడల మధ్య కాసేపు తిరిగాడు. పన్నెండు పొయ్యిల గుర్తులూ చూశాడు. ఒక్కో వాకిట నిలబడి, "ఇక్కడ ఎవరుండేవారు?" అని పై నుంచే కేకేసి అడిగాడు. అవ్వ ఒక్కొక్క పేరూ చెప్పింది, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో చెప్పింది. ఒకరు బండల గనిలో, ఇద్దరు రోడ్డు పక్క కాలనీలో, కొందరు ఎక్కడున్నారో ఆమెకూ తెలియదు. ఆయన ఆ పేర్లన్నీ పైకి పలికి గుర్తు పెట్టుకున్నాడు. రోట్లోని ఆకులన్నీ తీసి, నీళ్ళు పోసి కడిగి వచ్చాడు.

ఎండ తగ్గాక తిరుగు ముఖం పట్టారు. ఐదో గట్టు దగ్గరికి వచ్చేసరికి అవ్వ మోకాళ్ళు పట్టుకుని మూలిగింది. పొద్దున్నుంచి అన్ని చుట్లూ తిరిగింది ఆమే కదా.

"నాతో కాదు నాయనా. నేను నీ గీత మింద పోతా, అదైతే దగ్గిర" అని సుంకన్న చెయ్యి పట్టుకుని గట్టెక్కి, ఆయన బాణం మీదుగా అవతలికి దిగింది. దిగి చూస్తే వెనక సుంకన్న లేడు. కొంతసేపటికి మలుపు లోంచి వచ్చాడు, పంచె మోకాళ్ళ దాకా తడిసి.

నాలుగో దగ్గరా అంతే. ఆమెను గట్టు దాటించి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చుట్టూ తిరిగి వచ్చాడు. మూడో దగ్గర కుంటుతూ వచ్చాడు. "ఎండ్రకాయ ఇంకా ఆడనే ఉండాది" అన్నాడు సంబరంగా. రెండో దగ్గర చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు తువ్వాలులో ఈతపళ్ళు ఉన్నాయి.

మొదటి మలుపుకు వచ్చేసరికి బండల నీడలు ఇసుకంతా కమ్మేశాయి. దూరాన రోడ్డు మీద హారన్ మోగింది. గట్టు అవతలి నుంచి అవ్వ కేకేసింది.

"ఓ సుంకన్నా! ఇట్ల రా, గట్టెక్కి! నీ బస్సు పోతాంది!"

మలుపు లోపలి నుంచి, నీళ్ళలో కాళ్ళ చప్పుడు మధ్య జవాబొచ్చింది.

"పోనీలే అవ్వా! ఈ వంకలో ఏముందో చూసి వస్తా."